టేపు సున్నా కొస

సెప్టెంబర్ 4, గురువారం

ఊరికి పిచ్చెక్కింది.

పొద్దున రొట్టెల షాపుకి వెళితే ఆవిడ రొట్టె చేతిలో పెట్టడం మరిచిపోయి వార్త పెట్టింది. మన పిల్లలు ముగ్గురూ యువజన క్రీడల్లో పతకాలు కొట్టారట. పొడుగుపిల్లకి ఎనిమిది వందల మీటర్ల పరుగులో బంగారం. దాని తమ్ముడికి పదిహేను వందల్లో కాంస్యం. పోస్ట్‌మ్యాన్ కూతురికి నాలుగు వందల్లో కాంస్యం. చెబుతూ చెబుతూ ఆవిడ పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. మొన్న జూన్‌లో ఆ పొడుగుపిల్ల షాపు ముందు నుంచి పరిగెడుతుంటే "పనీపాటా లేదుటే నీకు" అని అరిచింది కూడా ఈవిడే. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను, ఇదే రొట్టె కోసం.

"మన పిల్లలండీ!" అంది.

"మీ పిల్లలిద్దరూ సోఫాలోంచి లేవరు కదమ్మా," అన్నాను.

నాకు నిన్నటి రొట్టె ఇచ్చింది.

దేశానికి ఉత్తరాన, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న ఊరు. ఏడు నెలలు మంచు, మిగిలిన ఐదు నెలలు మంచు గురించి మాటలు. ముప్ఫై నాలుగేళ్ళు మునిసిపల్ సర్వేయర్‌గా ఈ ఊరిని అంగుళం అంగుళం కొలిచినవాణ్ణి. ఇక్కడ ఒక్క గోడ నిటారుగా లేదు, ఒక్క మనిషి మాట నిటారుగా లేదు. సరిగ్గా ఉన్నది ఒక్కటే, ఊరి చివర నేను వేసిన పరుగుల గ్రౌండ్. చుట్టు కొలత నాలుగు వందల మీటర్లు. నాలుగు వందలంటే నాలుగు వందలే.

సెప్టెంబర్ 5

మునిసిపల్ హాల్లో సన్మానం మీటింగు. నన్ను పిలవలేదు. అయినా వెళ్ళాను, హాల్లో హీటర్ వేస్తారు కాబట్టి.

ఛైర్మన్ టైర్ల వ్యాపారి. మనిషి కూడా గాలి కొట్టిన టైరులాగే ఉంటాడు. గంటన్నర చర్చించి మూడు తీర్మానాలు చేశారు. ఒకటి, పదకొండో తారీఖుకల్లా బ్యానర్. బ్యానర్ మీద పిల్లల బొమ్మలు చిన్నవి, ఛైర్మన్ బొమ్మ పెద్దది. రెండు, పిల్లల బస్సు ఊళ్ళోకి రాగానే ఫైరింజన్ నీళ్ళు ఆకాశంలోకి చిమ్మాలి, బస్సు దాని కిందనుంచి రావాలి. ఈ చలిలో! "గొట్టంలో నీళ్ళు గడ్డకట్టవా?" అని అడిగాను. ఫైర్ ఆఫీసర్ "చూద్దాం సార్" అన్నాడు. ఆ మనిషి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. మూడో తీర్మానం నాకు గుర్తులేదు. హీటర్ పక్కన కునుకు పట్టింది.

డ్రిల్లు మాస్టారు మాత్రం మీటింగంతా నిలబడే ఉన్నాడు. కూర్చుంటే కనపడడని.

సెప్టెంబర్ 7, ఆదివారం

అమ్మాయి వచ్చింది. వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దింది. వెళ్ళింది.

పిల్లల్ని తీసుకురావడానికి శనివారం బయల్దేరే బస్సు తనే తోలుతుందట. ఆ మాట నేను అడిగితే చెప్పింది. తనకు తానుగా ఏదీ చెప్పదు. వాళ్ళమ్మ పోలిక కాదు. వాళ్ళమ్మ నిద్రలో కూడా మాట్లాడేది.

సెప్టెంబర్ 8

ఛైర్మనూ డ్రిల్లు మాస్టారూ ఇంటికి వచ్చారు. బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చారు. నా గచ్చు మీద రెండు జతల బురద, ఒకటి మునిసిపాలిటీది, ఒకటి విద్యాశాఖది.

మూడో తీర్మానం ఏమిటో అప్పుడు తెలిసింది. గ్రౌండ్ గేటు దగ్గర రాతి ఫలకం పెడతారట. "ఖచ్చితంగా 400 మీటర్లు" అని, కింద నా హోదాతో. సన్మానం రోజు నేనే ముసుగు తీయాలి.

"మీ గ్రౌండ్ లేకపోతే ఈ పతకాలు ఎక్కడివండీ సర్వేయరు గారూ," అన్నాడు ఛైర్మన్.

వెటకారమో నిజమో తెలియక మొహం చూశాను. నిజంగానే అంటున్నాడు. గ్రౌండ్ వేసిన ఇరవై నాలుగేళ్ళకి ఈ ఊరివాడొకడు నిజం మాట్లాడాడు, అదీ పొరపాటున. టీ ఇచ్చాను. మంచి కప్పుల్లోనే ఇచ్చాను.

డ్రిల్లు మాస్టారికి పొగడ్త పక్కవాడికి పోతుంటే ఆగదు. "గ్రౌండ్ సరేనండీ, అసలు సంగతి ట్రైనింగ్. మన పిల్లల్లో ఒక విచిత్రం చూశారా? ఇక్కడ పరిగెత్తినదానికంటే బయట ఎప్పుడూ ఎక్కువ వేగం. ఎనిమిది వందల్లో అర సెకను పైనే. ఈ ముగ్గురే కాదు, ఇంతకు ముందు బ్యాచి పిల్లలూ అంతే. బయటికెళితే సింహాలైపోతారు. జూన్ ట్రయల్స్‌లో ముగ్గురూ తప్పారు కదా, నేనే పైకి ఉత్తరం రాసి పేర్లు పెట్టించాను. వాళ్ళ గుండెలో ఏముందో నాకు తెలుసు కాబట్టి."

ఇతని గుండెలో ఏముందో ఊరందరికీ తెలుసు. ప్రమోషన్.

బురద తుడిచాను. రెండు సార్లు తుడవాల్సి వచ్చింది.

సెప్టెంబర్ 9

ఈ హడావుడి చూస్తుంటే పాత సంగతులు లేస్తున్నాయి. ఒకసారి రాసేస్తే పోతాయి.

మా అమ్మాయి కూడా ఎనిమిది వందల పిల్లే. గ్రౌండ్ వేసినప్పుడు దానికి పదకొండేళ్ళు. స్టీలు టేపు సున్నా కొస అదే పట్టుకుంది, మూడు రోజులు, మోకాళ్ళ మీద. "కదలకు" అంటే కదిలేది కాదు. అలాంటి సహాయకుడు ఆఫీసులో నాకు ఒక్కడూ దొరకలేదు.

పదిహేడేళ్ళప్పుడు దక్షిణాన ఉన్న క్రీడా పాఠశాలకు సెలక్షన్. అప్పట్లో ఊరి గ్రౌండ్‌లో పరిగెత్తి, సర్టిఫై చేసిన టైము పంపాలి. బయటి టైము చెల్లేది కాదు. రెండు నిమిషాల పది సెకన్లకు మించకూడదు. దానికి మూడు అవకాశాలు ఇచ్చాను. వాచీ నేనే పట్టుకున్నాను, సంతకం నేనే పెట్టాను. 2:10.9. 2:10.6. ఆఖరిది 2:10.4.

పదో వంతులు నాలుగు. జనం నా చుట్టూ మూగారు. ఈ ఛైర్మనే, అప్పుడు టైర్ల షాపులో కుర్రాడు, "పది అని రాసెయ్యండి సార్, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు. ఈ ఊరి నీతి అంత. నేను రాయలేదు. పది పాయింట్ నాలుగు అని రాసి సంతకం పెట్టాను. నా కూతురని నేను వాచీకి చెప్పలేదు.

ఆఖరి మలుపులో దానికి గుండె చాల్లేదు. అదే అసలు సంగతి. అదే చెప్పాను దానికి. ఆ తరవాత అది పరిగెత్తలేదు. లారీ నేర్చుకుంది, తరవాత స్కూలు బస్సు. చెడ్డ పనేం కాదు. సమయానికి వెళుతుంది.

రెండేళ్ళ తరవాత అనుకుంటాను, ఓసారి వచ్చి గ్రౌండ్ గురించి ఏదో మొదలుపెట్టింది. ఓడినవాళ్ళకు ఎప్పుడూ నేలే వంకర. డ్రాయింగ్ తీసి ముందు పరిచాను. చూసి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 10

అర సెకను పైనే.

సెప్టెంబర్ 11

బడికి వెళ్ళి డ్రిల్లు మాస్టారి రిజిస్టరు అడిగాను. ఫలకం మీద ప్రసంగానికి కావాలని చెప్పాను. తన పేరు కూడా చెబుతానేమోనని సంబరంగా ఇచ్చాడు. చేతిరాత కోడి గీకినట్టుంది. అయినా నాలుగేళ్ళ లెక్కలు, పదకొండు మంది పిల్లలు. ఇక్కడి టైమూ బయటి టైమూ పక్కపక్కన రాసి సగటు తీశాను.

నాలుగు వందల్లో తేడా పావు సెకనుకు కాస్త పైన. ఎనిమిది వందల్లో దానికి రెట్టింపు. పదిహేను వందల్లో ఒక సెకను దాటింది.

దూరం పెరిగినకొద్దీ తేడా అదే పాళ్ళలో పెరుగుతోంది.

ధైర్యం మనిషికో కొలత. పోస్ట్‌మ్యాన్ కూతురికి ఉన్నంత పొడుగుపిల్లకి ఉండదు, ఇవాళ ఉన్నంత రేపు ఉండదు. పదకొండు మందికి ఒకే పాళ్ళలో వచ్చేది ధైర్యం కాదు. ఇలాంటివి నేను ఉద్యోగంలో వంద చూశాను. సాగిపోయిన టేపుతో కొలిచిన పొలాలన్నీ ఇలాగే, ఒకే పాళ్ళలో, ఒకే వైపుకి తప్పుతాయి. అలాంటిది వాడినందుకు, టేపు పట్టే ఇద్దరు చైన్‌మన్‌లను ఉద్యోగంలోంచి తీయించాను.

కానీ నా టేపు సాగదు. గ్రౌండ్ వేసే ముందు రోజే పరీక్ష చేయించాను. కాగితం ఉంది.

సెప్టెంబర్ 11, సాయంత్రం

కాగితం కోసం ట్రంకు పెట్టె తెరిచాను. కాగితం దొరికింది. టేపు సరైనదే. దాని కింద క్రీడాశాఖ వాళ్ళు పంపిన పుస్తకం కూడా దొరికింది, "పరుగు గ్రౌండ్‌ల నిర్మాణం, కొలతలు". ప్లాస్టిక్ కవరులో ఉంది.

కవరు చింపలేదు. ఇరవై నాలుగేళ్ళుగా.

ఎందుకు చింపుతాను? రోడ్లు వేసినవాణ్ణి, కాలువలు వేసినవాణ్ణి, ఒక చుట్టు గీయడానికి ఎవడో గుమాస్తా రాసిన పుస్తకం చదవాలా? ఆ రోజు నేనన్న మాట ఇదే. మా ఆవిడ అక్కడే ఉంది. "చదివితే అరిగిపోతారా?" అంది. ఆవిడకేం తెలుసు అనుకున్నాను.

ఇప్పుడు చింపాను. పద్నాలుగో పేజీ. లోపలి వైపు సిమెంటు గట్టు ఉన్న గ్రౌండ్‌లో, గట్టు మీద కాదు, గట్టు నుంచి ముప్ఫై సెంటీమీటర్లు ఇవతల కొలవాలి. ఎందుకంటే మనిషి గట్టు మీద పరిగెత్తడు, గట్టు పక్కన పరిగెత్తుతాడు.

ఈ సంగతి మొదటి పేజీలో వేయాలి. పద్నాలుగో పేజీలో వేస్తే ఎవడు చూస్తాడు? ఈ శాఖలన్నీ ఇంతే.

సెప్టెంబర్ 12

పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్ళాను. ఒక్కణ్ణే. సున్నా కొస పట్టుకునేవాళ్ళు లేక మేకు కొట్టి తగిలించాను. గట్టు మీద చుట్టూ కొలిచేసరికి మూడు గంటలు పట్టింది, మోకాళ్ళు పోయాయి.

నాలుగు వందల మీటర్లు. సున్నా సెంటీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ, అది కూడా చలికి నా టేపు కుంచించుకుపోయినందువల్ల.

ఇరవై నాలుగేళ్ళ తరవాత, ఇన్ని మంచులు పడి కరిగాక, నాలుగు మిల్లీమీటర్లు! ఈ దేశంలో ఎవడు వేశాడో చూపించమనండి. కాసేపు అక్కడే నిలబడి ఆనందించాను. నిజంగా ఆనందించాను. ఆ తరవాత గుర్తొచ్చింది, కొలిచింది ఎవరూ పరిగెత్తని గీత అని.

బడి పిల్లల్ని దింపి వస్తున్న బస్సు గేటు దగ్గర ఆగింది. అమ్మాయి అద్దం దించింది.

"ఏం కొలుస్తున్నావ్ నాన్నా?"

"ఊరికే. ఫలకం కోసం."

గట్టు మీద పరిచిన టేపు వైపు చాలాసేపు చూసింది. నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు.

"తొడుగుల్లేకుండా స్టీలు పట్టుకున్నావ్. చేతులు చూడు," అంది.

"బస్సు కడిగి ఎన్నాళ్ళైంది?" అన్నాను.

అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయింది. బస్సు నిజంగానే మురికిగా ఉంది.

సెప్టెంబర్ 13

గట్టు నుంచి ముప్ఫై సెంటీమీటర్లు ఇవతల చుట్టు కొలత: 401.88.

రెండు చుట్లకు ఎక్కువైంది 3.77 మీటర్లు. మా అమ్మాయి పరిగెత్తిన వేగానికి, సెకనులో పదో వంతులు ఆరు.

అది తప్పింది నాలుగు వంతులతో.

లెక్క మూడు సార్లు చేశాను. ఎడమ చేత్తో చేసినా అదే వస్తుంది.

సెప్టెంబర్ 13, మళ్ళీ

చెప్పి ఏం లాభం? దానికిప్పుడు ముప్ఫై అయిదు. అప్పటి క్రీడా పాఠశాలలో ఇప్పుడు గోడౌన్ ఉంది. ఉన్న పిల్లలు ఎలాగూ గెలిచారు. పత్రికలవాళ్ళు వస్తే ఊరి పరువు పోతుంది.

ఊరి పరువట. ఈ మాట నా కలంలోంచి వచ్చిందా? డెబ్బై ఒక్కేళ్ళలో ఈ ఊరికి పరువుందని నేను అనుకున్న మొదటి రోజు ఇదే.

రేడియోలో చెప్పారు, వచ్చే వారాంతానికి మంచు. పడితే మళ్ళీ ఏప్రిల్ దాకా గ్రౌండ్ ఎవరికీ కనపడదు. పడనీ.

సెప్టెంబర్ 14, ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే నాకు అనుకూలంగా రాసుకుంటాను.

పదకొండింటికి బస్సు వచ్చింది. కడిగి ఉంది, అద్దంలా. ఫైరింజన్ గొట్టం విప్పారు. చూద్దాం అన్న ఆఫీసరు చూశాడు. మొదట నీళ్ళు రాలేదు. తరవాత ఒక్కసారిగా వచ్చాయి, ఆకాశంలోకి కాదు, పక్కనున్న బ్యాండు మీదికి. బాకా ఊదేవాడు తడిసి ముద్దయినా ఊదడం ఆపలేదు. బాకాలోంచి నీళ్ళు వచ్చాయి. జనం ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

పిల్లలు దిగారు. ముగ్గురూ దిగీ దిగగానే వెనక్కి తిరిగి స్టీరింగు వైపు చూసి చెయ్యూపారు. ఆ తరవాతే జనం వైపు తిరిగారు. అది నేను తప్ప ఎవరూ చూసినట్టు లేదు. అందరూ ఫొటోల్లో ఛైర్మన్ పక్కన చోటు కోసం తోసుకుంటున్నారు. రొట్టెలావిడ పొడుగుపిల్లను కావలించుకుని "చిన్నప్పటి నుంచీ చూస్తున్నానుగా, పరుగంటే దీనికి ప్రాణం" అంది. పొడుగుపిల్ల మొహం చూడాలి. బాగా పెంచారు, ఏమీ అనలేదు.

ఛైర్మన్ నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో పిల్లల గురించి నాలుగు. డ్రిల్లు మాస్టారు తన ఉత్తరం గురించి చెప్పాడు. తరవాత పొడుగుపిల్లను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. పాపం, దానికి అబద్ధాలు రాసిచ్చినవాళ్ళు లేరు.

"జూన్‌లో ఇక్కడ ట్రయల్స్‌లో మేం ముగ్గురం ఫెయిలయ్యామండీ," అంది. "కొంచెంలోనే తప్పాం. మాస్టారు పేర్లు పంపనన్నారు. మానేద్దామనుకున్నాం. అప్పుడు బస్సక్క, బయటి టైము కూడా ఇప్పుడు చెల్లుతుంది, పదండని, శనివారం శనివారం తొంభై కిలోమీటర్లు తీసుకెళ్ళి అక్కడి గ్రౌండ్‌లో పరిగెత్తించింది. అక్కడ మేం పాసయ్యాం. తప్పు మీ కాళ్ళలో లేదర్రా అని రోజూ చెప్పేది. అక్కని కూడా స్టేజీ మీదికి..."

ఛైర్మన్ నవ్వుతూ మైకు తీసేసుకున్నాడు. "పిల్లలు! ఎంత వినయమో!"

అప్పుడు లెక్క అర్థమైంది నాకు. మళ్ళీ జరగబోయింది. అదే గీత మీద, అంతే తేడాతో, ముగ్గురికి. ఈసారి సంతకం డ్రిల్లు మాస్టారిది, గ్రౌండ్ నాదే. జూన్‌లో నేను ఇంట్లో కూర్చుని, ఈ కాలం పిల్లలకు గుండె చాలదని ఈ డైరీలోనే రాసుకున్నాను. పేజీ వెనక్కి తిప్పితే ఉంది.

"ఇప్పుడు మన సర్వేయరు గారు!" అన్నారు. ముసుగు తాడు నా చేతికిచ్చారు. లాగాను. నల్ల రాయి మీద తెల్లటి అక్షరాలు. ఖచ్చితంగా 400 మీటర్లు.

మైకు పట్టుకున్నాను.

"ఇది తప్పు," అన్నాను. "నాలుగు వందలు కాదు. నేను గట్టు మీద కొలిచాను. మనుషులు పరిగెత్తేచోట కొలవలేదు. పుస్తకం పంపించారు, తెరవలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ చుట్టుకు రెండు మీటర్లు ఎక్కువ పరిగెత్తారు. సెలక్షన్ తప్పినవాళ్ళందరూ తప్పలేదు. అందులో మా అమ్మాయి ఒకతి. దానికి గుండె చాల్లేదని చెప్పాను. తప్పింది నేను."

చప్పట్లు.

ఎలాంటి చప్పట్లనుకున్నారు! ఈ ఊళ్ళో ఇంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. ఛైర్మన్ నా భుజం చుట్టూ చెయ్యి వేసి మైకులో అన్నాడు: "విన్నారా? మన పిల్లలు ఎందుకు గెలిచారో తెలిసిందా? అందరికంటే రెండు మీటర్లు ఎక్కువ ప్రాక్టీసు! పెద్దాయన ముందుచూపు!" బ్యాండు అందుకుంది. బాకాలోంచి ఇంకా నీళ్ళు వస్తున్నాయి. డ్రిల్లు మాస్టారు కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఈ పథకం ముందునుంచీ తనకు తెలిసినట్టు.

బతుకంతా వీళ్ళకి వినపడేలా ఒక్క నిజం చెప్పాను. దానికి బాజా వాయించారు.

స్టేజీ దిగి బస్సు దగ్గరికి నడిచాను. అమ్మాయి సీట్ల కింద రంగు కాగితాల ముక్కలు ఊడుస్తోంది. స్పీకర్లు ఊరంతా పెట్టారు, వినపడకుండా ఉండదు.

"విన్నావా?" అన్నాను.

"విన్నాను." ఊడవడం ఆపలేదు. "రెండు కాదు నాన్నా. ఒకటి ఎనభై ఎనిమిది."

మెట్టు మీద కూర్చుండిపోయాను.

"నీకు తెలుసా?"

"పంతొమ్మిదో ఏట తెలిసింది. లారీ మీద దక్షిణానికి వెళ్ళినప్పుడు ఊరికే ఒక గ్రౌండ్‌లో పరిగెత్తాను. ప్రాక్టీసు లేదు, లారీ బూట్లు. రెండు పది వచ్చింది. వాచీ పాడైందనుకున్నాను. మళ్ళీ పరిగెత్తాను. అక్కడి మాస్టారు చెప్పాడు ముప్ఫై సెంటీమీటర్ల సంగతి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

చీపురు ఆపింది.

"చెప్పాను కదా నాన్నా. ఆ రోజు వచ్చి చెప్పాను. 'నాన్నా, గట్టు దగ్గర' అన్నానో లేదో, నువ్వు డ్రాయింగ్ పరిచావు. మీదే ఉంది, నీ చేతిరాతతో, గట్టు మీద గీత. వేలు పెట్టి చూపించాను కూడా. నువ్వు నా వేలు తీసి పక్కన పెట్టి, మరకలవుతాయి అన్నావు."

గుర్తొచ్చింది. వేలు గుర్తొచ్చింది. గోటి కింద గ్రీజు.

"అమ్మకి చెప్పాను తరవాత," అంది. "అమ్మ అంది, ఆయనకి తెలిస్తే బతకలేడే, వదిలెయ్ అని. వదిలేశాను. పిల్లల దగ్గర వదల్లేకపోయాను."

"నేనేం చెయ్యను?" అన్నాను.

"మంచు పడేలోగా సరైన గీత కావాలి పిల్లలకి. వచ్చే ఆదివారం నాకు డ్యూటీ లేదు. సున్నం తీసుకురా."

సెప్టెంబర్ 15

ఏడ్చాను. ఇందులో రాయకపోతే జరగనట్టే అని అనుకుంటానని రాస్తున్నాను.

సెప్టెంబర్ 17

రొట్టెలావిడ తాజా రొట్టె ఇచ్చింది. "మీ ముందుచూపు వల్లనండీ" అంది. వివరంగా చెప్పబోయాను. వెనక క్యూ ఉంది. తీసుకుని వచ్చేశాను. వీళ్ళ మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. కాకపోతే ఇప్పుడు ఆ లెక్కలో ఒకణ్ణి కలుపుకోవాలి.

సెప్టెంబర్ 19

ఫలకం తీసేయమని అర్జీ పెట్టాను. ఛైర్మన్ "కూర్చోండి పెద్దాయనా, టీ తాగండి" అన్నాడు. తీయడు. తీసేదాకా వారానికో అర్జీ పెడతాను. ఆఫీసు పద్ధతులు అతనికంటే నాకే బాగా తెలుసు.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఆకాశం బూడిద రంగులో ఉంది. గాలి లేదు. మధ్యాహ్నానికి పడుతుంది.

నేను వెళ్ళేసరికే అమ్మాయి ఉంది. తొడుగులు రెండు జతలు తెచ్చింది. పొడుగుపిల్లా, తమ్ముడూ, పోస్ట్‌మ్యాన్ కూతురూ సున్నం బకెట్లతో నిలబడ్డారు. పతకాలు ఇంట్లో పెట్టి వచ్చారు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక్కరూ రాలేదు, సంతోషం.

టేపు డబ్బా నేను తీసుకోబోయాను. అమ్మాయి తను తీసుకుని సున్నా కొస నా చేతికిచ్చింది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేల చల్లగా ఉంది, తడిగా ఉంది. ఆ రోజు పదకొండేళ్ళ పిల్లని మూడు రోజులు ఇలాగే కూర్చోబెట్టాను.

"గట్టుకి ముప్ఫై సెంటీమీటర్లు ఇవతల పెట్టు నాన్నా," అంది.

"తెలుసు," అన్నాను.

టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి నా వైపు చూసింది. పిల్లలు కూడా చూశారు.

"తెలీదు," అన్నాను. "చూపించు."

వచ్చి పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించింది. నేను కదల్లేదు.